విలియం రాక్స్‌బర్గు: సామర్లకోటనుండి సుమత్రా తీగవరకు

ఫాల్గుణమాసమున మన జహీరాబాదు చుట్టునుగల బీళ్లలో మోదుగు చెట్లు ఆకురాల్చి ఎఱ్ఱని పూవులతో నిండును. ఒక సంవత్సరము ఒక బాలుడు ఆ పూవుల గుత్తిని తెచ్చి మా బల్లపైనుంచి, దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరేమి, ఆ పేరును లోకమునకు తెలిపినవారెవరు అని యడిగెను. బ్యూటియా యను పేరు వెంటనే చెప్పగలిగితిమి. దానిని ముద్రింపించిన పురుషుని చరిత్ర చెప్పుటకు మాత్రము పాఠపు గంట చాలలేదు. ఆ మిగిలిన కథను విద్యార్థులకొఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

విలియం రాక్స్‌బర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి క్రేగీ యను గ్రామమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యము నేర్చుచు, జాన్ హోప్ అను ఆచార్యునియొద్ద వృక్షశాస్త్రమును గూడ అభ్యసించెను. ఈస్టిండియా కంపెనీవారి ఓడలలో వైద్యునికి సహాయకుడుగా కొంతకాలము పనిచేసి, 1776లో చెన్నపట్టణమున కొలువు సంపాదించెను. అచ్చట రోగులను చూచుటతో తృప్తినొందక, ఎండవేడిమిని, గాలిని, వానను కొలిచి ప్రతిదినము వ్రాసికొనుట మొదలుపెట్టెను. చూచినదానిని చూచినపుడే వ్రాసికొను ఈ యలవాటే అతని జీవితమున కంతటికి పునాది యయ్యెను.

1781లో అతడు మన గోదావరి సీమలోని సామర్లకోటకు వచ్చెను. అచ్చట అతనికొక గొప్ప మిత్రుడు లభించెను. అతడు కోయెనిగ్ అను వైద్యుడు. లిన్నేయసు పండితుని శిష్యుడు. 1768లో తరంగంబాడి మిషనువారికి వైద్యుడుగా వచ్చి, పిదప కంపెనీ కొలువులో చేరినవాడు. కోయెనిగ్ 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. ఆయన యారంభించిన పనిని మరి పెద్దదిగా చేయు భారము రాక్స్‌బర్గుపై బడెను.

సామర్లకోటలో అతడొక తోటను పెంచి మిరియము, నీలి, చెఱకు మొదలగు పైరులను పరీక్షించెను. కంపెనీవారు లాభము గోరి ఈ పనిని ప్రోత్సహించిరి. అతడు లాభముతో నాగక, కొండలలోను అడవులలోను దొరకిన ప్రతి మొక్కకును వర్ణనము వ్రాసెను. ఈ దేశపు చిత్రకారులను నియమించి వానిని రంగులలో వ్రాయించెను. ఆకు, పూవు, కేసరములు, కాయ, గింజ, అన్నియు విడివిడిగా ఆ చిత్రములలో కనబడును. వర్ణనములో తెలుగుపేరును, జనులు ఆ మొక్కను వాడుకొను విధమును చేర్చెను. జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణమున లండనులో 1795 మొదలు వెలువడిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథము ఇట్లు పుట్టినది. మూడు సంపుటములలో 300 చిత్రపటములు గలవు. బీడీలు చుట్టు ఆకునిచ్చు మన తునికి చెట్టును శాస్త్రలోకమునకు వర్ణించినది ఆ గ్రంథమే. మన జనులు జ్వరములకు వాడు సోమిద చెట్టు బెరడును సింకోనా బెరడునకు బదులు వాడవచ్చునేమో యని అతడు శోధించెను. ఆ చెట్టునకు పిమ్మట సొయిమిడా యను జాతినామము వచ్చినది. అది మన తెలుగుమాటయే.

ఆ దినములలోనే క్షామము వచ్చెను. 1789 మొదలుకొని కొన్ని సంవత్సరములు వానలు తప్పగా, ఉత్తర సర్కారులలో జనులు ఆకలిచే మరణించిరి. రాక్స్‌బర్గు అది కన్నులార చూచెను. వాన తప్పినను నిలుచు కొబ్బరి, తాడి, ఖర్జూరము, పనస, అరటి మున్నగువానిని విరివిగా నాటించవలెనని అధికారులకు వ్రాసెను. ఏ మొక్క యేదియో నిశ్చయముగా తెలియుట పండితుల వినోదము కాదని, ఒక్కొకప్పుడు ప్రాణముతో కూడిన సంగతియని ఆ క్షామము అతనికి తెలిపెనని మేము తలంచుచున్నాము.

1793లో అతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై తెలుగుదేశమును విడిచెను. సామర్లకోటలో నేర్చిన విద్య యచ్చట దూరద్వీపముల మొక్కలకు ఉపయోగపడెను. పినాంగు ద్వీపమున జేమ్సు హౌవిసన్ అను వైద్యుడుండెను. దట్టమైన అడవిలో కత్తులతో దారి చేసికొని పోవుచుండగా, తెగిన తీగయొకటి పాలు కార్చెను; ఆ పాలు కత్తియలుగుపై ఆరి సాగు జిగురయ్యెను. అమెరికాలో దొరకు రబ్బరువంటి పదార్థము తూర్పు ద్వీపములలోను కలదని అతడు గ్రహించెను. కాని ఆ తీగ యేజాతిదో చెప్పలేకపోయెను. పూవును చూడక పాలను మాత్రము చూచి జాతిని నిర్ణయింపరాదు. జిల్లేడునకు పాలున్నవి, గన్నేరునకు పాలున్నవి, మఱ్ఱికిని పాలున్నవి గదా!

సుమత్రా ద్వీపమందలి మార్ల్‌బరో కోటనుండి చార్లెసు కాంబెల్ అను వైద్యుడు ఆకులు, పూవులు, కాయలతో కూడిన కొమ్మలను పంపిన పిదప ఆ చిక్కు విడినది. రాక్స్‌బర్గు ఆ చిన్నపూవులను విప్పి అయిదు కేసరములను లెక్కించెను. ఎదురెదురుగా పుట్టు ఆకులను, జంటగా నుండు కాయలను పరిశీలించెను. ఇది గన్నేరు కుటుంబమునకు చెందినదనియు, ఇంతవరకు ఎవరును వర్ణింపని జాతియనియు నిర్ణయించెను. పూవు చిన్నకుండవలె నుండుటచే ఉర్సియోలా ఎలాస్టికా యని పేరిడెను. ఆ వర్ణనము 1798లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి సంపుటములో, హౌవిసన్ వ్రాసిన వృత్తాంతముతో పాటు, అచ్చయ్యెను. తీగను కనుగొన్న గౌరవము హౌవిసన్‌దనియు, పూవును పంపిన ఉపకారము కాంబెల్‌దనియు రాక్స్‌బర్గు దాచక చెప్పెను.

తరువాతి కాలమున బ్రెజిలునుండి వచ్చిన వేరొక చెట్టు ఆసియాలో రబ్బరుతోటలను ఆక్రమించినది. ఈ తీగ వెనుకబడినది. అయినను రాక్స్‌బర్గు పెట్టిన పేరు నేటికిని చెల్లుచున్నది. వ్యాపారము మారినను సరియైన వర్ణనము నిలిచినది.

దేహారోగ్యము చెడి 1813లో అతడు కలకత్తాను విడిచెను. దారిలో సెయింటు హెలెనా ద్వీపమున నుండగా గూడ ఊరకుండక అచ్చటి మొక్కల పట్టికను వ్రాసెను. 1815లో ఎడింబరోలో మరణించెను. అతని వ్రాతలు నశింపకుండ కాపాడినది శ్రీరాంపురపు మిషనరీ విలియం కేరీ. అతడు సుమారు 3,500 మొక్కలు గల ఉద్యానపు పట్టికను 1814లోను, భారతదేశపు మొక్కల మహాగ్రంథపు మొదటి భాగమును 1820లోను శ్రీరాంపురమున అచ్చొత్తించెను. రాక్స్‌బర్గు ఒక వృక్షజాతికి కేరియా యని పేరిడి ఆ స్నేహమును చిరస్థాయిగా నిలిపియుండెను.

ఇంతటి కృతజ్ఞుని చరిత్రలో ఒక్క లోపము మా మనస్సును బాధించుచున్నది. హౌవిసన్ పేరు నిలిచినది, కాంబెల్ పేరు నిలిచినది. సామర్లకోటలో అతని కన్నులకు తోడై ప్రతి కేసరమును కుంచెతో దిద్దిన చిత్రకారుల పేర్లు గ్రంథములోని పటములపై లేవు. సోమిదను చూపి పేరు చెప్పిన మనవారి పేర్లును లేవు. వారి మాట మిగిలినది, వారు మిగులలేదు.

కావున మా తరగతి బాలురకు ఒక నియమము చేసితిమి. మొక్కను ఎండబెట్టి పుస్తకమున అంటించునప్పుడు దాని పేరు, దొరకిన చోటు, తేదీ వ్రాసినంతమాత్రమున పని ముగియదు. దానిని చూపినది గొఱ్ఱెలకాపరియైనను, కలుపుతీయు అవ్వయైనను, వారి పేరును క్రింద వ్రాయవలెను. మోదుగును తెచ్చిన ఆ బాలుడు తన పుటలో మొదట వ్రాసినది తన తాతగారి పేరు.