బడిపంతులు రహీం సాహెబ్

హైదరాబాదు పేరును ప్రపంచానికి చాటిన ఆటగాళ్లెవరని మన పిల్లలను అడగండి. క్రికెట్టు వాళ్ల పేర్లు గడగడ చెప్తారు. అందులో తప్పేమీ లేదు. కాని ఈ ఊరి బడిపంతులొకాయన మన దేశానికి రెండు సార్లు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిపెట్టాడంటే మాత్రం తెల్లబోయి చూస్తారు. ఆయనే మరహూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చిన తర్వాత కొందరికి పేరు తెలిసింది. అయితే సినిమా చూసినవాళ్లు కూడా ఆయనను కోచ్‌గానే ఎరుగుదురు. ఆయన మా బోటి టీచరన్న సంగతి చాలామందికి తెలియదు.

రహీం సాహెబ్ 1909వ సంవత్సరం ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడి, బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. తర్వాత పట్టుకున్నది బడి ఉద్యోగమే. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవన్నీ ఆయన పనిచేసిన బళ్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. అంటే మనం మామూలుగా డ్రిల్లు సారు అంటామే, ఆ పని అన్నమాట.

బడి పని చేస్తూనే 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. ఆ తర్వాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు కూడా ఆయన హయాంలో నాలుగు సార్లు మన పోలీసులకే దక్కింది. కలకత్తా పెద్ద క్లబ్బుల ముందు మన వాళ్లు ఏపాటి అనుకున్న వాళ్లంతా నోళ్లు మూసుకున్నారు.

ఇదంతా ఎట్లా సాధ్యమైంది? ఇక్కడే ఆయనలోని పంతులు కనిపిస్తాడు. క్లాసులో మనం ఏం చేస్తాం? పిల్లవాడికి ఏ లెక్క రాదో ఆ లెక్కే మళ్లీ మళ్లీ చేయిస్తాం. ఆయన మైదానంలో అదే చేశారు. కుడికాలు వాటం ఉన్న కుర్రవాళ్లకు ఎడమకాలుతోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపించారు. బంతిని తన కాళ్ల మధ్యే తిప్పుకుంటూ ఒంటరిగా పోవడం నిషేధించి మరికొన్ని పోటీలు పెట్టారు. బంతి రాగానే తోటివాడికి అందించవలసిందే. ఒక్కడి గొప్ప కాదు, పదకొండు మంది పొత్తు ముఖ్యమని ఉపన్యాసం ఇవ్వకుండానే నేర్పించారు.

బీదపిల్లలంటే ఆయనకు ప్రత్యేకమైన చూపు. సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే కుర్రవాడి ఆట ఆయన కంటపడింది. హైదరాబాదుకు వచ్చి ప్రాక్టీసు చేయమన్నారు. రావడానికి ఆ పిల్లవాడి దగ్గర పైసలు లేవు. రహీం సాహెబ్ సైకిలు కిరాయికి తన జేబులోంచి ఇచ్చి రప్పించారు. ఆ బలరామే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. 1956-57లోనూ, మరుసటి ఏడూ హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే ఇటువంటి పిల్లల చలవే.

దేశపు జట్టు సంగతికి వద్దాం. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మొదటి బంగారు పతకం. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఓటమిని రహీం సాహెబ్ పాఠంగా తీసుకున్నారు. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండంలో అంతదాకా వెళ్లిన మొదటి దేశం మనదే. చివరకు నాలుగో స్థానం వచ్చింది. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1 సమంగా నిలిచింది. ఆ జట్టులో ఆయన కుమారుడు హకీం సాహెబ్ కూడా ఉన్నారు.

ఆఖరి పరీక్ష 1962 జకార్తా. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సరు తొలిచేస్తున్నది. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండుతో మ్యాచిలో డిఫెన్సు ఆటగాడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతన్ని కూర్చోబెట్టేవారు. రహీం సాహెబ్ అతన్ని గోలు కొట్టే ముందువరసకు మార్చారు! సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లు పడిన తలతోనే జర్నైల్ సింగ్ ఇంకొక గోలు కొట్టి 2-1తో గెలిపించారు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో, రహీం సాహెబ్ కన్నుమూశారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టింది 1985లో. అవార్డు కోసం ఆయన పనిచేయలేదు కాబట్టి అది పెద్ద బాధ కాదు. బాధ వేరే ఉంది.

నేను పనిచేసిన ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు రిటైరైతే ఆ జాగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉండింది. టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉండేది, మైదానంలో పిల్లలు ఉండేవారు కారు. ఆ పీరియడ్ తీసుకొని లెక్కల టెస్టు పెట్టిన వారిలో నేనూ ఒకడిని. సిలబస్ కావాలి కదా అని సమాధానం చెప్పుకున్నాను. రహీం సాహెబ్ జీవితం చదివిన రోజున ఆ సమాధానం నాకే నచ్చలేదు. నేను టెస్టు పెట్టి కూర్చోబెట్టిన ఆ బెంచీల మీద ఒక బలరాం ఉన్నాడేమో, ఎవరు చెప్పగలరు?

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆటలాడితే పిల్లలు చెడిపోతారనే భయం మానుకోండి. అబ్బాయిలతోపాటు అమ్మాయిలను కూడా బడి మైదానంలోకి పంపండి. తోటి టీచర్లకూ ఒక మనవి. ఆ ఒక్క పీరియడ్ పిల్లల హక్కు, వాళ్లది వాళ్లకు ఇచ్చేద్దాం. చాదర్‌ఘాట్ బడి పంతులును మనం గుర్తుంచుకోవడమంటే ఇంతకన్న వేరే ఏముంది?