ఐసిస్ పాగ్సన్

ఆకాశమును శోధించిన పురుషుల పేర్లు చరిత్రలో పెక్కు కలవు. వారి ప్రక్కన కూర్చుండి లెక్కలు కట్టిన స్త్రీల పేర్లు మాత్రము అరుదుగా వినబడును. అట్టివారిలో మన దక్షిణదేశమున జీవితములో పెద్దభాగము గడపిన ఐసిస్ పాగ్సన్ యొకతె.

ఎలిజబెత్ ఐసిస్ పాగ్సన్ 1852 సెప్టెంబరు 28వ తేదీన ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి నార్మన్ పాగ్సన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1856లో ఆయన కనుగొనిన యొక లఘుగ్రహమునకు ఐసిస్ అనియే పేరిడిరి. 1861లో ఆయన మద్రాసులోని నుంగంబాక్కము నక్షత్రశాలకు అధిపతి యయ్యెను. 1869లో తల్లి మరణింపగా, తమ్ములు చెల్లెండ్ర భారము ఐసిస్‌పై బడెను. ఆ భారముతోనే 1873లో ఆమె నక్షత్రశాలలో సహాయకురాలిగా చేరెను.

ఆ కొలువు సులభమైనది గాదు. రాత్రివేళ దూరదర్శినితో గుర్తించిన నక్షత్రగమన కాలములను పిమ్మట గణించి, వాని స్థానములను నిర్ణయింపవలెను. ఒక్క అంకె తప్పినను నక్షత్రము చోటు తప్పును. ఇట్టి కొలువులో ఆమె 25 ఏండ్లు గడపెను. 1881 నుండి మద్రాసు రాజధాని వాతావరణ నివేదికల బాధ్యతయు ఆమెకు లభించెను. తెలుగువారి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే.

ఆ నక్షత్రశాలలోనే చింతామణి రఘునాథాచారి యను పండితుడు పనిచేసెను. 1867లో ఆయన, కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రము నొకదానిని కనుగొనెను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు పాగ్సన్ మచిలీపట్టణమునకు పోగా, ఆచారి నిజాము రాజ్యమందలి మన వనపర్తికి వచ్చెను. 1872లో లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించెను. పరాధీన దేశస్థునకు తెరచుకొనిన ఆ ద్వారము, పాలకజాతిలో పుట్టిన స్త్రీకి తెరచుకొనలేదు.

1886లో తండ్రి ఆమె పేరును ఆ సొసైటీకి ప్రతిపాదించెను. అప్పటికి ఆమె 13 ఏండ్ల అనుభవము గలది. కాని 1831 నాటి అధికారపత్రములో సభ్యుని గూర్చి పుంలింగ సర్వనామమే యున్నందున, స్త్రీలను చేర్చుకొనుట చట్టసమ్మతము గాదని యిద్దరు న్యాయవాదులు తేల్చిరి. ప్రతిపాదన వెనుకకు తీసికొనబడెను. అడ్డుపడినది ఆమె గణితమందలి దోషము గాదు, వ్యాకరణమందలి యొక చిన్న మాట.

1891లో తండ్రి గతించినను ఆమె 1898 వరకు కొలువు విడువలేదు. తరువాత 1902లో హెర్బర్ట్ కెంట్ అను నౌకాధిపతిని వివాహమాడెను. 1916లో ఆ సొసైటీ స్త్రీలను చేర్చుకొన మొదలిడెను. 1920 నవంబరులో, 68వ ఏట, ఆమెకు సభ్యత్వము లభించెను. నడుమ 34 ఏండ్లు గడచిపోయెను. 1945 మే 14న ఆమె పరమపదించెను.

తెలుగులో వారు అను మాట స్త్రీపురుషుల నిరువురను ఆదరించును. మన సంస్థల సభ్యత్వపు పట్టికలును ఆ మాటవలెనే యుండవలెను. కల్హేరు సోదరీమణులును, ఇంతవరకు కలము పట్టు అవకాశము దొరకనివారును ఇట్టి మరుగుపడిన జీవితములను వెదకి, వ్రాసి, మన గ్రంథాలయమునకు అందింతురు గాక! స్వర్ణోత్సవ సంచికలో ఆ వ్రాతలకే ప్రథమస్థానము దక్కుగాక!