తన తల తానే పట్టుకున్న సాదిఖైన్

1930లో అమ్రోహాలో ఖుష్‌నవీసుల ఇంట పుట్టిన సాదిఖైన్, దేశ విభజన తర్వాత కరాచీ చేరారు. ప్రాణానికి తెగించినవాణ్ణి ఉర్దూలో 'సర్ బకఫ్' అంటాం కదా, అంటే తల అరచేతిలో పెట్టుకున్నవాడని. ఆ మాటను ఆయన 1960ల్లో ఉన్నదున్నట్టు గీసేశారు. మొండెం మీద తల లేదు, చేతిలో ఉంది. ఆ ముఖమూ తనదే! ఇంకొన్ని బొమ్మల్లో మనుషులకు బూజు పట్టేసింది, కాకులు వాళ్ల మీదే గూళ్లు పెట్టుకున్నాయి. కదలకుండా కూర్చున్న జనాన్ని చూసి ఆయన పడ్డ బాధ అది. సూరె రహ్మాన్‌ను అంత అందంగా రాసిందీ ఆ చెయ్యే మరి. బొమ్మలు అమ్ముకున్నది తక్కువ, ఊరికే ఇచ్చేసిందే ఎక్కువ. 1980ల మొదట్లో ఇండియా వచ్చినప్పుడు మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐకీ ఓ పెద్ద కుడ్యచిత్రం వేసిచ్చారు. 1987 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. కరాచీ ఫ్రేర్ హాల్ పైకప్పు బొమ్మ సగంలోనే ఉండిపోయింది.