తలుపు మూసినా ఆగని చదువు



1991 ఉపఎన్నికలో మన నంద్యాల ఓటర్లు 5 లక్షలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు పంపిన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా మనందరికీ తెలుసు. కాలేజీలో అడుగుపెట్టబోయే మన పిల్లలకు విద్యార్థిగా ఆయన జీవితం ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ఆయన 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టారు. పెరిగింది వంగరలో. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఆయనను కాలేజీ నుంచి బహిష్కరించారు. అప్పటికి 17 ఏళ్లు. నిజాం రాజ్యంలో చదువు దారి మూసుకుపోయింది. అయినా ఆయన పుస్తకాలు కట్టిపెట్టలేదు. మరాఠీ ప్రాంతానికి వెళ్లి పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, నాగపూర్‌లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు.

డిగ్రీలతో ఆగలేదు. మరాఠీపై సాధించిన పట్టుతో హరి నారాయణ ఆప్టే నవలను ‘అబల జీవితం’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ను హిందీ చేశారు. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. 2004 డిసెంబరు 23న కన్నుమూశారు.

మన పిల్లలకూ కోరుకున్న సీటు దొరకకపోవచ్చు. లెక్చరర్ చెప్పింది మొదటిసారి అర్థం కాకపోవచ్చు. అక్కడ చతికిలబడే విద్యార్థికీ, లేచి మళ్లీ అడిగే విద్యార్థికీ తేడా తెలివిలో కాదు, వైఖరిలోనే ఉంటుంది. అది ఇంట్లోనే అలవడుతుంది. ఈ సాయంత్రం మార్కులు అడిగే ముందు, ఈరోజు ఏ పాఠం అర్థం కాలేదో, దానికోసం ఏం చేశారో మీ పిల్లలను అడగండి.