పూర్వవిద్యార్థి, పంతులు: జోసెఫ్ హెన్రీ

చదివిన బడికే పంతులుగా తిరిగొచ్చిన పూర్వవిద్యార్థుల్లో జోసెఫ్ హెన్రీ పేరు ముందు చెప్పుకోవాలి. 1797లో అమెరికాలోని ఆల్బనీలో పేద ఇంట పుట్టారు. చిన్ననాడే తండ్రి పోవడంతో గడియారాల పనిలో చేరారు. 1819లో ఆల్బనీ అకాడమీ ఆయనకు ఫీజు లేకుండా చదువు చెప్పింది. 1826 నుంచి అక్కడే లెక్కలు, భౌతికశాస్త్రం బోధించారు. పగలంతా తరగతులే కనుక, ప్రయోగాలకు ఎక్కువగా సెలవులే దిక్కు. 1831లో మైలుకు పైగా తీగను గది చుట్టూ తిప్పి, చివరన విద్యుదయస్కాంతంతో గంట మోగించి పిల్లలకు చూపించారు.

తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు నీరసిస్తుంది. 1832లో ప్రిన్స్‌టన్ కళాశాలకు వెళ్లాక ఆయన దానికి ఉపాయం కనిపెట్టారు. దూరం నుంచి అలసి వచ్చిన కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని పనిచేయిస్తే చాలు. అది అక్కడే ఉన్న మరో బ్యాటరీ వలయాన్ని కలుపుతుంది లేదా విడదీస్తుంది. బరువుపని ఆ బ్యాటరీ చేస్తుంది. అదే రిలే. ఇలాంటివి వరసగా పెడితే సంకేతం ఎంత దూరమైనా సాగుతుంది.

హెన్రీ పేటెంటు తీసుకోలేదు. అడిగిన మోర్స్‌కు తెలిసినదంతా చెప్పారు. 1844లో వాషింగ్టన్–బాల్టిమోర్ టెలిగ్రాఫ్ మోగింది. పేరూ డబ్బూ మోర్స్‌కు దక్కాయి. పేటెంటు వ్యాజ్యాల్లో హెన్రీ ఉన్నదున్నట్టు సాక్ష్యం చెప్పినందుకు, 1855లో మోర్స్ ఆయనను దుయ్యబట్టారు. హెన్రీ కార్యదర్శిగా ఉన్న స్మిత్‌సోనియన్ సంస్థ పాలకమండలి విచారణ జరిపి ఆయన మాటే నిజమని తేల్చింది. 1878లో కన్నుమూశారు. మనం చదువుకున్న ప్రేరకత్వ ప్రమాణం ‘హెన్రీ’ ఈ మాస్టారి పేరే.