మరల పరీక్షకు కూర్చున్న లూయీ పాశ్చర్

పరీక్షాఫలితములు తెలిసిన దినమున మన యిండ్లలో కొన్నింట పొయ్యి రాజదు. మార్కులు తగ్గిన పిల్లవాడు తండ్రి ముఖము చూడలేడు. అట్టి యింటివారి కొరకే యీ జీవితమును జ్ఞాపకము చేయుచున్నాము.

లూయీ పాశ్చర్ 1822లో ఫ్రాన్సు దేశమున పుట్టెను. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించువాడు. 1838లో చదువుకై పారిస్ పట్టణము వెళ్లిన లూయీ యింటిమీద బెంగపెట్టుకొనగా, తండ్రియే వచ్చి వెంటబెట్టుకొని పోయెను. 1841లో విజ్ఞానశాస్త్ర పరీక్ష తప్పెను. 1842లో గట్టెక్కెను గాని రసాయనశాస్త్రములో అంతంతమాత్రమే.

ఆ యేడే పారిస్‌లోని ఎకోల్ నార్మల్ అను గొప్ప కళాశాల ప్రవేశపరీక్ష వ్రాయగా, వరుసలో చాల క్రిందుగా నిలిచెను. అందుకు తృప్తిపడలేదు, సిగ్గుపడి చదువు మానను లేదు. మరుసటి యేడు మరల వ్రాయ నిశ్చయించెను. పారిస్‌లో వసతిగృహమున నుండి, చిన్నవారికి పాఠములు చెప్పుచు, ద్యూమా పండితుని రసాయనశాస్త్ర ఉపన్యాసములు శ్రద్ధగా వినెను. 1843లో మంచి స్థానముతో ప్రవేశము పొందెను.

మార్కులు తగ్గిన ఆ శాస్త్రమే ఆయనకు జీవితకాలపు పనియాయెను. 1885లో పిచ్చికుక్క కరచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ ఆయన కనుగొనిన టీకావలన బ్రతికెను. పాశ్చర్ 1895లో మరణించెను. నేడు మన పల్లెలలో కుక్క కరచినవారికి వేయు సూదులకు మూలము ఆ పనియే.

తలిదండ్రులారా, బిడ్డను దూషింపకుడి. ఏ పాఠమున వెనుకబడెనో ప్రక్కన కూర్చుండి చూడుడి. చేతనైనయెడల మరియొక యేడు ఇయ్యుడి.