కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీ

హాంబర్గ్ జర్మనీలో పేరుపొందిన రేవు పట్టణం. 1889 అక్టోబరు 3వ తేదీన ఆ పట్టణంలో కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీ జన్మించాడు. పేరు నడుమ ఉన్న 'ఫాన్' అనే మాట జర్మనీలో ఉన్నత వంశానికి గుర్తు. ఆ ఇంట్లో ఆ మాట ఒక్కటే మిగిలింది గాని సిరిసంపదలు లేవు. తండ్రి ఒక న్యాయవాది దగ్గర గుమస్తా. కార్ల్‌కు రెండేళ్ల ప్రాయంలోనే ఆయన కన్నుమూశాడు. కార్ల్‌కు చదువు అబ్బలేదు. బడి చివరి పరీక్ష తప్పి, హాంబర్గ్ న్యాయస్థానంలో రాతగుమస్తాగా చేరాడు. పగలు కచేరీ కాగితాలు, రాత్రి పుస్తకాలు, ఇదీ ఆయన యౌవనం. క్రమంగా పత్రికలకు వ్యాసాలు రాయసాగాడు. 1913లో మాడ్ అనే ఇంగ్లండు యువతిని వివాహమాడాడు. ఆ మరుసటి ఏడాది సైనిక న్యాయస్థానాలను విమర్శించినందుకు ఆయనకు జరిమానా పడింది. కలం వల్ల ఆయన పొందిన మొదటి శిక్ష అది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో ఆయనను సైన్యంలోకి తీసుకొని పశ్చిమ రణరంగానికి పంపారు. అక్కడ కందకాల్లో చూసిన చావులు ఆయన మనసును మార్చివేశాయి. యుద్ధం ముగిసేనాటికి ఆయన యుద్ధానికే బద్ధశత్రువయ్యాడు.

1918లో జర్మనీ ఓడిపోయింది. చక్రవర్తి దేశం విడిచి పారిపోయాడు. 1919లో వైమర్ రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ఇరవై ఏళ్లు నిండిన స్త్రీ పురుషులందరికీ ఓటు హక్కు లభించింది. మాట్లాడటానికి, రాయటానికి, సభలు జరుపుకోవటానికి స్వేచ్ఛ లభించింది. చక్కని రాజ్యాంగమే. కాని దానిని కాపాడవలసిన సేనానులు, న్యాయమూర్తులు, ఉన్నతాధికారులు చాలావరకు చక్రవర్తి కాలం నాటి వారే. వారిలో పలువురికి ప్రజాప్రభుత్వం అంటే గిట్టదు. ఇంటికి కొత్త తలుపులు పెట్టి తాళపుచెవులు పాత కాపలావాడి చేతిలోనే ఉంచినట్లయింది.

ఒసియెట్స్కీ బెర్లిన్ చేరి శాంతి సంఘంలోను, పత్రికలలోను పనిచేశాడు. 1927లో 'డీ వెల్ట్‌బ్యూనే' అనే వారపత్రికకు సంపాదకుడయ్యాడు. 'ప్రపంచ రంగస్థలం' అని ఆ పేరుకు అర్థం. ఎర్రని అట్టతో వచ్చే ఆ చిన్న పత్రిక సుమారు 15,000 ప్రతులే అమ్ముడయ్యేది. అయినా మంత్రులు, సేనానులు దానిని వెతికి చదివేవారు. తమ గురించి ఏమి రాశారోనన్న భయం వారికి ఉండేది.

యుద్ధానంతరం కుదిరిన వర్సయ్ సంధి ప్రకారం జర్మనీ యుద్ధ విమానాలు ఉంచుకోరాదు. కాని సైన్యం రహస్యంగా వైమానిక దళాన్ని తయారు చేసుకుంటున్నది. ఈ సంగతిని బయటపెట్టే వ్యాసాన్ని ఒసియెట్స్కీ 1929 మార్చిలో ప్రచురించాడు. ప్రభుత్వం దేశద్రోహ నేరం మోపింది. లైప్‌జిగ్ నగరంలోని అత్యున్నత న్యాయస్థానం తలుపులు మూసి విచారణ జరిపి, 1931 నవంబరు 23న పద్దెనిమిది నెలల జైలుశిక్ష విధించింది. వ్యాసంలోని విషయం నిజం కావడమే ఆ నేరానికి ఆధారం. తుపాకులతో ప్రభుత్వాన్ని కూలదోయబోయిన హిట్లర్‌కు 1924లో ఐదేళ్ల శిక్ష పడింది. ఏడాది తిరగకముందే అతడిని విడిచిపెట్టారు. ఆనాటి న్యాయమూర్తుల త్రాసు ఎటు మొగ్గేదో తెలియడానికి ఈ రెండు తీర్పులూ చాలు.

వ్యాసం రాసిన వ్యక్తి ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. ఒసియెట్స్కీ కూడా వెళ్లవచ్చు. మిత్రులు బతిమాలారు. సరిహద్దు దాటి చేసే విమర్శకు దేశంలో విలువ ఉండదని ఆయన నమ్మకం. 1932 మే నెలలో రచయితలు, మిత్రులు వెంట రాగా తానే నడిచి జైలు ద్వారం చేరాడు. ఆ ఏడాది డిసెంబరులో క్షమాభిక్షపై విడుదలయ్యాడు.

అప్పటికే దేశం తలకిందులవుతున్నది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం వల్ల 1932 నాటికి సుమారు 60 లక్షల మందికి పని లేకుండా పోయింది. ఆకలి, అవమానం కలిసినచోట హిట్లర్ మాటలకు చెవులు దొరికాయి. 1928లో పార్లమెంటులో 12 స్థానాలు ఉన్న నాజీ పార్టీకి 1930లో 107, 1932 జులైలో 230 స్థానాలు వచ్చాయి. అయినా సగం ఓట్లు రాలేదు. నాజీలను ఎదిరించవలసిన పార్టీలు ఒకదానితో ఒకటి కలహించుకున్నాయి. 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా, అనగా ప్రధానమంత్రిగా, నియమించాడు. అతడిని తమ చెప్పుచేతల్లో ఉంచుకోగలమని పక్కనున్న పెద్దలు తలచారు.

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మరునాడే ఒక అత్యవసర శాసనం వెలువడింది. వాక్స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సభా స్వేచ్ఛ, ఉత్తరాల గోప్యత అన్నీ ఒక్క కలం పోటుతో పోయాయి. విచారణ లేకుండా ఎవరినైనా నిర్బంధించవచ్చు. మార్చి 23న పార్లమెంటు తన శాసనాధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించింది. కమ్యూనిస్టు సభ్యులను రానివ్వలేదు. సభలో నాజీ దళాలు కాపలా నిలిచాయి. 444 మంది సరేనన్నారు. సోషల్ డెమోక్రాట్లు 94 మంది మాత్రం కాదన్నారు. జులై నాటికి నాజీ పార్టీ తప్ప మరో పార్టీ మిగలలేదు. రాజ్యాంగాన్ని ఎవరూ చించివేయలేదు. అది కాగితం మీద అలాగే ఉంది.

ఇక జనం గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు. పక్కింటివాడు ఎవరికి ఏమి చేరవేస్తాడో తెలియదు. పత్రికలన్నీ ఒకే మాట రాశాయి. బడిపిల్లలు చేయి చాచి హిట్లర్‌కు జేజేలు పలకవలసి వచ్చింది. మే 10న బెర్లిన్‌లో విద్యార్థులే పుస్తకాలను మంటల్లో వేశారు. అందులో ఒసియెట్స్కీ పేరు కూడా వినిపించింది.

అప్పటికి ఆయన బయట లేడు. పార్లమెంటు భవనం తగలబడిన రాత్రి కూడా మిత్రులు పారిపొమ్మన్నారు. ఆయన ఇంటికే వెళ్లాడు. తెల్లవారుజామున పోలీసులు వచ్చి తీసుకుపోయారు. ఇంట్లో భార్య, పదమూడేళ్ల కూతురు రోజలిండ్ మిగిలారు. తరువాత ఆ బాలికను ఇంగ్లండుకు పంపవలసి వచ్చింది. ఆయన ఉండిపోవడం ధైర్యమా, రాబోయే దానిని తక్కువగా అంచనా వేయడమా అంటే, రెండూ అనే చెప్పాలి.

మొదట జోనెన్‌బర్గ్ శిబిరంలో, 1934 నుండి ఎస్టర్‌వేగన్ నిర్బంధ శిబిరంలో ఆయనను ఉంచారు. అది చిత్తడి నేల. ఖైదీలు మోకాలి లోతు బురదలో కాలువలు తవ్వాలి. దెబ్బలు, ఆకలి, క్షయ ఆయనను కుంగదీశాయి. 1935లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ప్రతినిధి బుర్క్‌హార్ట్ ఆయనను చూశాడు. ఎదుట నిలిచినది పళ్లు విరిగి, ముఖం వాచి, వణుకుతున్న మనిషి.

ప్రవాసంలో ఉన్న మిత్రులు ఆయనకు నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాలని ఉద్యమం సాగించారు. ఐన్‌స్టీన్, థామస్ మన్, రోమా రోలా వంటివారు మద్దతు ఇచ్చారు. 1936 వేసవిలో బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలు జరగవలసి ఉంది. లోకం దృష్టి తమపై పడుతుందని ఎరిగిన ప్రభుత్వం మే నెలలో ఆయనను శిబిరం నుండి తెచ్చి బెర్లిన్ ఆసుపత్రిలో కాపలా మధ్య ఉంచింది. 1936 నవంబరు 23న, అంటే శిక్ష పడిన ఐదేళ్లకు సరిగ్గా అదే తేదీన, 1935 సంవత్సరపు శాంతి బహుమతిని ఆయనకు ప్రకటించారు.

బహుమతి వద్దని రాసిస్తే విడిచిపెడతామని గోరింగ్ స్వయంగా ఒత్తిడి తెచ్చాడు. మంచాన పడిన రోగి. ఒక్క సంతకంతో భార్యాబిడ్డలను కలుసుకోవచ్చు. ఆయన అంగీకరించలేదు. బహుమతిని స్వీకరిస్తున్నట్లు తెలియజేశాడు. దానిని అందుకోవడానికి ఓస్లో నగరానికి వెళ్లనివ్వలేదు. ఆ కోపంతో హిట్లర్ 1937లో జర్మన్లెవరూ నోబెల్ బహుమతి తీసుకోరాదని శాసించాడు. తరువాత ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ కారణంగా బహుమతులు వదులుకోవలసి వచ్చింది. ఒసియెట్స్కీకి వచ్చిన డబ్బులో చాలా భాగాన్ని, దానిని చూసుకుంటానని నమ్మించిన న్యాయవాది కాజేశాడు.

1938 మే 4న నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన ఆసుపత్రిలోనే, పోలీసు కాపలాలోనే మరణించాడు. 1991లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి అధికారికంగా ఆయన పేరు పెట్టారు. తండ్రిపై 1931లో పడిన దేశద్రోహ ముద్రను తొలగించాలని, ఆ కేసును తిరిగి విచారించాలని కుమార్తె రోజలిండ్ న్యాయస్థానాన్ని కోరింది. 1992లో జర్మనీ సమాఖ్య న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. పాత తీర్పు అలాగే నిలిచిపోయింది.